రాత్రంతా చదివేవాడికి చప్పట్లు, పొద్దున లేవలేని పిల్లకి గుంజీలు

మా బడి గేటు పదింటికి మూస్తారు. ఆ తరవాత వచ్చినవాళ్ళు వేపచెట్టు కింద వరసగా నిలబడాలి. వాళ్ళ పేర్లు రాసుకునే డ్యూటీ ఆ ఏడాది నాది. ఆంధ్రా సరిహద్దుని ఆనుకున్న ఒడిశా ఊరు మా పర్లాకిమిడి. అక్కడ ఆలస్యానికి కారణాలకేం కరువు? గుణుపురం పాసింజరు, సైకిలు పంక్చరు, ఆంధ్రా వైపు పాతపట్నంలో మేనమామ పెళ్ళి, ఆ ఏడాదైతే తిత్లీ తుఫానుకి లేచిపోయిన ఇంటి రేకులు. ఎవరికి వాళ్ళు ఒకటి తయారుగా పెట్టుకుని వచ్చేవారు. తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి మాత్రం ఏ కథా చెప్పేది కాదు. "లేవలేకపోయాను మేడం" అనేది, అంతే. నెల తిరిగేసరికి నా పుస్తకంలో ఆ పేరు పద్నాలుగుసార్లు పడింది.

ఒకరోజు ఇరవై గుంజీలు తీయమన్నాను. పిల్లల్ని అలా శిక్షించకూడదని చట్టం వచ్చి అప్పటికి తొమ్మిదేళ్ళు. నాకు తెలుసు, అయినా తీయమన్నాను. పదమూడో గుంజీ దగ్గర ఆ పిల్ల కూర్చుండిపోయింది. కళ్ళు తిరిగి పడలేదు, ఏడవలేదు. బస్సు కోసం రోడ్డు పక్కన కూర్చున్నట్టు కూర్చుంది. వంగి చూస్తే జడలు నిన్నటివి, ఒక జడకే రిబ్బను ఉంది. చున్నీకి పిన్ను పెట్టే చోట బట్ట చిరిగితే, ఆ చిరుగులోనే మళ్ళీ పిన్ను గుచ్చుకుంది. ఎనిమిదో తరగతిలో ఇదే పిల్ల సైన్సు నోట్సులో మార్జిన్లు రెండు రంగుల్లో కొట్టి, బొమ్మ కింద పేరు స్కేలు పెట్టి రాసేది. ఇదంతా చూశాను. చూసి కూడా "నాటకాలు చాలు, లే" అన్నాను.

తెలియక అన్నానని చెప్పుకోవడానికి కూడా లేదు. ఆ పిల్లకున్న డిప్రెషన్‌కి అన్నలాంటి జబ్బు మా ఇంట్లో అప్పటికే ఇరవై రెండేళ్ళుగా ఉంది.

నా తమ్ముడిది బైపోలార్, కొన్నాళ్ళు పట్టలేని హుషారూ కొన్నాళ్ళు లేవలేని కుంగుబాటూ మారి మారి వచ్చే జబ్బు. వాణ్ణి అడిగే ఇది రాస్తున్నాను. "రాసుకో అప్పా, పేరు మట్టుకు వద్దు. షాపుకి వచ్చినోళ్ళు చిల్లర రెండుసార్లు లెక్కెట్టుకుంటారు" అన్నాడు. ఆ పిల్లవి కూడా ఒకటి రెండు వివరాలు మార్చాను.

మా ఊళ్ళో తెలుగిళ్ళ పిల్లలకి పది అయ్యాక చదువు సరిహద్దు దాటుతుంది. ఒడియాలో చదివి మెట్రిక్ గట్టెక్కాక, స్తోమత ఉన్నవాళ్ళు శ్రీకాకుళమో విశాఖో పంపుతారు. 1996లో తమ్ముడు ఆంధ్రా వైపు ఒక హాస్టల్లో ఇంటరు రెండో ఏడు చదువుతున్నాడు. తెల్లవారుజామున నాలుగున్నరకి బెల్లు, రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్. డిసెంబరు మొదట్లో వాడు నిద్ర మానేశాడు. నిద్ర రాక దొర్లడం కాదు, వాడికసలు నిద్ర అక్కర్లేకపోయింది. రెండు గంటలు పడుకుని లేచి తోమిన గిన్నెలా మెరిసేవాడట. రాత్రంతా మెట్ల మీద బల్బు కింద చదవడం, పక్కవాళ్ళని లేపి లెక్కలు చెప్పడం, నలభై పేజీల నోట్సు ఒక్క పూటలో రాసేయడం. వార్డెన్ మా వీధి చివర ఎస్టీడీ బూత్‌కి ఫోన్ చేసి నాన్నతో, "మీ గుంటడు మహా కసి మీదున్నాడండీ, ర్యాంకు కొట్టేస్తాడు" అన్నాడు. అసెంబ్లీలో వాణ్ణి ముందుకి పిలిచి అందరిచేతా చప్పట్లు కొట్టించారు. నాన్న బూత్ అబ్బాయికి కూడా లడ్డూ పెట్టారు.

పదిహేను రోజులు గడిచేసరికి వాడు దుప్పటీ, వాచీ, జేబులో డబ్బూ పంచేశాడు. మహేంద్రగిరి ఎత్తుకీ నౌపడా-గుణుపురం రైలు టైంటేబులుకీ మధ్య ఒక సూత్రం ఉందని, అది తనకి దొరికిందని ఫిజిక్సు నోట్సంతా మూడు రంగుల్లో నింపాడు. అడ్డుపడిన లెక్చరర్ మీద అరిచాడు. కాలేజీవాళ్ళు "క్రమశిక్షణారాహిత్యం" అని రాసి టీసీ చేతిలో పెట్టారు. డిసెంబరు మొదటివారంలో చప్పట్లు, ఆఖరివారంలో టీసీ. రెండూ ఒకే జబ్బుకి. వాడు ఇంటికొచ్చాక జనవరి నుంచి మే దాకా గోడవైపు తిరిగి పడుకున్నాడు. అప్పుడు ఊరంతా వాణ్ణి బద్ధకిష్టి అంది.

ఇన్నేళ్ళూ బళ్ళో పనిచేశాక నాకు అర్థమైంది ఇదే. మన బడి దగ్గర ఉన్నది ఒకే తక్కెడ, నడవడి తూచే తక్కెడ. ఏ జబ్బొచ్చినా దాంట్లోనే పడేస్తాం. మేనియా, అంటే ఆ పట్టలేని హుషారు, మొదటి మెట్టు మీద ఉన్న పిల్లవాడు అచ్చం మనం కోరుకునే విద్యార్థిలా ఉంటాడు: నిద్రపోడు, గడగడా మాట్లాడతాడు, దేనికైనా ముందుంటాడు. వాడికి మెచ్చుకోలు. డిప్రెషన్‌లో ఉన్న పిల్ల అచ్చం మనం తిట్టిపోసే విద్యార్థిలా ఉంటుంది: ఆలస్యం, హోంవర్కు లేదు, అడిగితే పలకదు, పలికితే విసుక్కుంటుంది. దానికి గుంజీలు. ఒకరి జబ్బుకి బహుమతిచ్చి పెంచుతాం, ఇంకొకరి జబ్బుని దండించి పెంచుతాం. ఇది జాలి లేకపోవడం వల్ల కాదు. మా స్టాఫ్‌రూంలో జాలి బకెట్లకొద్దీ ఉంది. లేనిది ఏర్పాటు. దూరంవి ఆనని పిల్లని ముందు బెంచీలో కూర్చోబెట్టడానికి జాలిపడం కదా, కూర్చోబెడతామంతే.

ఈ వయసు సంగతి ఒకటి ఉంది. బైపోలార్ ఎక్కువమందిలో పదిహేను దాటాక, ఇరవై అయిదు లోపు బయటపడుతుంది. అంటే మన పిల్లలు మెట్రిక్, ప్లస్ టూ, ఇంటరు హాస్టళ్ళలో ఉండే ఏళ్ళు. డిప్రెషన్ అంతకన్నా ముందే రావచ్చు. పిల్లల్లో అది ఏడుపుగా కంటే చిరాకుగా, కడుపునొప్పిగా, తలనొప్పిగా కనిపించడం ఎక్కువ. బెంగుళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్‌వాళ్ళు 2015-16లో చేసిన జాతీయ సర్వేలో, 13 నుంచి 17 ఏళ్ళ పిల్లల్లో 7.3 శాతానికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని తేలింది. ఆ సర్వే చేసిన 12 రాష్ట్రాల్లో ఒడిశా లేదు, ఆంధ్రా లేదు. గట్టుకి అటూ ఇటూ మనల్ని ఎవరూ అడగలేదన్నమాట. అయినా ఆ లెక్కే మా బడికి వేసుకుంటే, నలభైమంది సెక్షనుకి ముగ్గురు. నా సర్వీసులో ఎన్ని సెక్షన్లు దాటాయో లెక్కపెట్టుకుంటే గుండె జారుతుంది.

ఆ పిల్లకి జబ్బని నాకు చెప్పింది డాక్టరు కాదు, హెడ్‌మాస్టరు కాదు. బడి ఊడ్చే మామ్మ. గుంజీలైన వారానికి నా దగ్గరికొచ్చి, "ఆ గుంట రోజూ కేరేజీ అన్నం కుక్కకి ఎట్టేస్తంది మేడం. నెల దాటింది. మీరెవులూ సూడ్నేదా?" అంది. ఎవరం చూడలేదు. పాఠం చెప్పేవాళ్ళం నలభై తలలు చూస్తాం, చీపురు పట్టుకున్న మనిషి గోడ వెనక ఎవరు ఒంటరిగా కూర్చున్నారో చూస్తుంది. పిల్లల మానసిక ఆరోగ్యం మీద టీచర్లకి ట్రైనింగు పెట్టినప్పుడల్లా నేను ఒకటే అడుగుతాను, ఆయాలనీ వాచ్‌మన్‌నీ ఆటో నడిపేవాళ్ళనీ ఎందుకు పిలవరు అని. నవ్వుతారు.

సరే, పిల్లని కూర్చోబెట్టి మాట్లాడాలనుకున్నాం. అప్పటికి కౌన్సెలింగ్ మీద కాస్త అనుభవమున్న ఒకావిడ మా బ్లాకుకి వస్తూండేది. మంచి మనిషి. ఒడియాలో అడిగింది, ఓపిగ్గానే అడిగింది. ఇంట్లో ఎలా ఉంది, నిద్ర ఎలా పడుతోంది, చదువు ఎలా ఉంది అని. ప్రతిదానికీ పిల్ల "భొలొ ఒఛి" అంది. బాగుంది, బాగుంది, బాగుంది. ఫారంలో అన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆవిడ వెళ్ళాక నేను నీళ్ళిచ్చి, "ఏటమ్మా, ఏటవుతోంది నీకు?" అన్నాను. అంతే. "ఒళ్ళంతా తడిసిన గోనెసంచిలా ఉంటాది మేడం. పొద్దున్న కళ్ళు తెరిస్తే మళ్ళీ తెల్లారిపోయిందా అనిపిస్తాది. ఎవులితోనూ మాట్లాడాలని నేదు" అంది.

అది ఒడియా తప్పు కాదు. ఆ పిల్ల ఒడియాలో నాకంటే బాగా రాస్తుంది. కాకపోతే ఒడియా దానికి పరీక్షల భాష, అడిగితే సరైన జవాబు చెప్పాల్సిన భాష. పెద్దవాళ్ళు "ఎలా ఉన్నావు" అంటే సరైన జవాబు "బాగున్నాను" కదా. మా బళ్ళోనే సవర గిరిజనుల పిల్లలున్నారు. వాళ్ళకి ఒడియా రెండోది, తెలుగు మూడోది. వాళ్ళ మనసు సంగతి మేం ఏ భాషలో అడుగుతున్నాం? గిడుగు రామమూర్తిగారు ఇదే పర్లాకిమిడిలో టీచరుగా ఉండి, సవర పిల్లలకి చదువు చెప్పాలంటే ముందు తను సవర నేర్చుకోవాలని నేర్చుకున్నారు. నూరేళ్ళు దాటిన మాట. ఆయన వాడుక భాష గొడవని మనం పత్రికల గొడవగా, పుస్తకాల గొడవగా గుర్తుపెట్టుకున్నాం. నాకైతే అది ముందు క్లాసురూం గొడవ. బైపోలార్‌కి "ద్విధ్రువ రుగ్మత" అని రాసినవాళ్ళని ఆయన ఏమనేవారో ఊహించుకుని నాలో నేను నవ్వుకుంటూంటాను. ఆ మాట వింటే మా తమ్ముడికి భూగోళం గుర్తొస్తుందట.

పిల్ల వాళ్ళ నానమ్మ అప్పటికే మంత్రం వేసే గుణియా దగ్గరికి తీసుకెళ్ళింది. తాయెత్తు కట్టించింది. దీన్ని వెక్కిరించడం నాకిష్టం ఉండదు. మనసు డాక్టరుకి బరంపురం వెళ్ళాలి, బస్సులో మూడు నాలుగు గంటలు, ఒకరోజు కూలి పోతుంది. గుణియా నడిచెళ్ళే దూరంలో ఉంటాడు, గంటసేపు కూర్చుని వింటాడు, వాళ్ళ మాటలోనే అడుగుతాడు. అతను నయం చెయ్యలేడు, కానీ వాళ్ళు అతని దగ్గరికే ఎందుకెళ్ళారో తెలుసుకుంటే బడి చాలా నేర్చుకోవచ్చు. తాయెత్తు తీయమని నేననలేదు. బరంపురం కూడా వెళ్దాం అన్నాను. మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో చూసి డిప్రెషన్ అన్నారు, మందులు రాశారు, మాట్లాడటానికి మళ్ళీ మళ్ళీ రమ్మన్నారు.

మందు మొదలుపెట్టిన నాలుగో రోజే స్టాఫ్‌రూంలో "ఇంకా అలాగే ఉందేంటి?" అన్నారు. డిప్రెషన్ మందులు పారాసిటమాల్ లాంటివి కావు. పనిచేయడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. పైగా ఈ వయసువాళ్ళలో మొదటి వారాలు మరీ జాగ్రత్తగా కనిపెట్టుకుని ఉండాలి. డిప్రెషన్ మందు మొదలుపెట్టిన పిల్లో పిల్లవాడో ఉన్నట్టుండి నిద్ర మానేసి, విపరీతమైన హుషారులోకి వెళితే "అమ్మయ్య, బాగుపడింది" అనుకోకూడదు. లోపల ఉన్నది బైపోలార్ కావచ్చు. ఒట్టి డిప్రెషన్ మందు వాళ్ళని మేనియాలోకి తోసేయవచ్చు. అప్పుడు ఆ రోజే ఇంటికి ఫోన్ చేయాలి. మందు మార్చేది డాక్టరే, కానీ ఆ మార్పుని రోజుకి ఆరుగంటలు చూసేది మనం. "మేం డాక్టర్లమా?" అనే సహోద్యోగులకి నా జవాబు ఇదే. డాక్టరు పదిహేను రోజులకోసారి పది నిమిషాలు చూస్తాడు, మనం చూసింది మనం చెప్పకపోతే అతనికీ తెలీదు.

ఇక లిథియం గురించి కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే టీచర్లకి ఎవరూ చెప్పరు. బైపోలార్‌కి వాడే పాత మందుల్లో ఇది ముఖ్యమైనది. 1949లో జాన్ కేడ్ అనే ఆస్ట్రేలియా డాక్టరు దీని గుణం కనిపెట్టి రాశాడు, ఈనాటికీ వాడుతున్నారు. నిజానికి ఇది ఒక లవణం. ఒంట్లో ఎంత ఉండాలో అంతే ఉండాలి, తక్కువైతే పనిచేయదు, కాస్త ఎక్కువైతే విషం. అందుకే మాటిమాటికీ రక్తపరీక్ష చేస్తారు. వేసుకునేవాళ్ళకి దాహం ఎక్కువ, ఒంటేలుకి మాటిమాటికీ వెళ్ళాల్సొస్తుంది, వేళ్ళు సన్నగా వణుకుతాయి. నీళ్ళు తాగక ఒళ్ళు ఎండితే, వాంతులూ విరేచనాలూ అయితే, రక్తంలో మందు పెరిగిపోతుంది. నొప్పికి ఇబుప్రోఫెన్ లాంటి మాత్ర వేసినా పెరగవచ్చు.

ఇప్పుడు దీన్ని మన క్లాసురూంలో పెట్టి చూడండి. పీరియడ్ మధ్యలో బయటికి వెళ్ళకూడదు. ఒకసారి వెళ్ళొస్తే రెండోసారి అడగకూడదు. నీళ్ళ సీసా బెంచీ మీద ఉండకూడదు. ఏప్రిల్ ఎండలో డ్రిల్లు. ఆటల్లో కాలు బెణికితే పీటీ సారు డబ్బాలోంచి చేతికందిన నొప్పిమాత్ర. చేతిరాత బాగోలేదని మార్కుల కోత. నీళ్ళూ, ఒంటేలూ, వణికే చెయ్యీ, మూడూ మన బళ్ళో క్రమశిక్షణ లెక్కలోకే వస్తాయి. మా తమ్ముడు మళ్ళీ ప్రైవేటుగా ఇంటరు పరీక్ష రాసినప్పుడు ఇన్విజిలేటరు వాణ్ణి రెండోసారి బయటికి వెళ్ళనివ్వలేదు. వాడు చెప్పుకోలేదు. చెప్పుకోవాలంటే పిచ్చి మందు వాడుతున్నానని హాలంతా వినేలా చెప్పాలి. ప్యాంటు తడుపుకుని, నడుముకి చొక్కా కట్టుకుని బయటికొచ్చాడు. మళ్ళీ ఏడాది పరీక్ష ఫీజు కట్టలేదు. ఆ పిల్లవాడికి కావాల్సింది కౌన్సెలింగూ కాదు, ఓదార్పూ కాదు. ఒక చీటీ. "ఈ విద్యార్థి అడిగినప్పుడు బయటికి వెళ్ళనివ్వండి, కారణం అడక్కండి." అంత చిన్న కాగితం లేక వాడి చదువు ఆగింది.

నిద్ర సంగతి ఇంకా పెద్దది. బైపోలార్ ఉన్నవాళ్ళకి ఒకటి రెండు రాత్రులు నిద్ర చెడినా చాలు, మేనియా తన్నుకురావచ్చు. మన పరీక్షల సంస్కృతి అంతా నిద్ర చెరుపుకోవడం మీదే నిలబడింది. మా ఊళ్ళో మెట్రిక్ ముందు రాత్రి చదువులని బళ్ళోనే పడుకోబెట్టేవారు, టీలు కాచి ఇచ్చేవారు. నేనూ కాచాను. ఇప్పుడు నేను తరగతిలో అందరికీ ఒకే మాట చెబుతాను, ఎవరినీ వేలెత్తి చూపకుండా. పది తరవాత మెలకువగా ఉండి చదివానని నా దగ్గర గొప్పలు చెప్పుకోవద్దు, నేను మెచ్చుకోను. వాళ్ళకిది వింతగా ఉంటుంది. తల్లిదండ్రులకి ఇంకా వింత. "ఏటి మేడం, చదవొద్దంటారేటి?" అని ఒకాయన దెబ్బలాటకి కూడా వచ్చాడు.

ఆ పిల్లకి మేం చేసింది రాస్తే చాలా చిన్నదిగా కనిపిస్తుంది. రెండో పీరియడ్‌కి వచ్చినా హాజరు వేశాం. మందు మత్తు పొద్దున పదిన్నర దాకా దిగేది కాదు. హోంవర్కులో ప్రతి రెండు ప్రశ్నలకీ ఒకటి చాలన్నాం. పేరు పిలిచి లేపి ప్రశ్న అడగడం మానేశాం. బాగోలేనప్పుడు ఎవరి దగ్గరికి పోవాలో దాన్నే ఎంచుకోమన్నాం. నన్ను ఎంచుకుంటుందనుకున్నాను, కాస్త ఆశ కూడా పడ్డాను. పీటీ సారుని ఎంచుకుంది. ఎందుకమ్మా అంటే, "సారు ఏటీ అడగరు" అంది. ఆయన స్టోర్‌రూంలో బంతులకి గాలి కొట్టుకుంటూ ఉండేవాడు, అది చాప మీద కూర్చునేది. ఒకరోజు పంపు అది తీసుకుని కొట్టింది. మా ఏర్పాటంతటిలోనూ బాగా పనిచేసింది ఆ స్టోర్‌రూమే అని నా నమ్మకం.

నేనొకటి అడగాల్సి ఉండి భయపడ్డాను. చచ్చిపోవాలనిపిస్తోందా అని. అడిగితే లేని ఆలోచన పెట్టినట్టవుతుందేమో అనుకున్నాను. అలా కాదని, నేరుగా నెమ్మదిగా అడగడం వల్ల ఆ ఆలోచన రాదని, ఉన్నవాళ్ళకి చెప్పుకోవడానికి దారి దొరుకుతుందని బరంపురంలో డాక్టరు చెప్పాడు. మర్నాడు అడిగాను. "అప్పుడనిపించేది" అంది. "ఎవులూ అడగనేదు" అని కూడా అంది. అప్పట్లో ఇంత సౌకర్యం లేదు. ఇప్పుడు మనసు బాగోలేనివాళ్ళు మాట్లాడటానికి ప్రభుత్వం పెట్టిన ఫోన్ లైను టెలీ మానస్ ఉంది, 14416. 2022 అక్టోబరులో మొదలైంది. ఎప్పుడు చేసినా పలుకుతుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనూ మాట్లాడొచ్చు, ఒడియాలోనూ మాట్లాడొచ్చు. మా బళ్ళో ఆ నంబరు నోటీసుబోర్డు మీద పెట్టలేదు, అక్కడ నిలబడి రాసుకుంటే పదిమందీ చూస్తారు. ఆడపిల్లల బాత్రూం తలుపు లోపలివైపు, మగపిల్లల బాత్రూం తలుపు లోపలివైపు అంటించాం.

"ఒకరికి ఇస్తే అందరూ అడుగుతారు" అని మా స్టాఫ్‌రూంలో అనుభవజ్ఞులు హెచ్చరించారు. ఏడాదంతా ఒక్కరూ అడగలేదు. పిల్లలు మనమనుకున్నంత దొంగలు కారు. "దానికెందుకు లేటు పర్మిషన్?" అని ఇద్దరు అడిగారు. ఒంట్లో బాగోలేదు, మందులు వాడుతోంది అన్నాను. అందులో ఒకతి మర్నాటి నుంచి మొదటి పీరియడ్ నోట్సు కార్బన్ పేపరు పెట్టి రెండు కాపీలు రాసింది. అయినా అబద్ధం చెప్పి ఒకరిద్దరు గంట ఆలస్యంగా వస్తే రాజ్యం మునిగిపోతుందా? ఒక దొంగని పట్టుకోవడానికి పదిమంది జబ్బుపడ్డవాళ్ళని ఎండలో నిలబెట్టే లెక్క నాకు అర్థం కాదు.

చట్టం మన పక్షానే ఉంది. వికలాంగుల హక్కుల చట్టం, 2016లో 21 రకాల వైకల్యాలున్నాయి, మానసిక అనారోగ్యం వాటిలో ఒకటి. వైకల్యం 40 శాతం, అంతకుమించి ఉందని సర్టిఫికెట్ ఉంటే సీబీఎస్‌ఈ పరీక్షల్లో మూడు గంటల పేపరుకి ఒక గంట అదనంగా ఇస్తారు. వైకల్యం ఉన్నవాళ్ళకిచ్చే యూడీఐడీ గుర్తింపు కార్డు దేశమంతా చెల్లుతుంది, ఇక్కడ తీసుకుని పాతపట్నంలో చదివినా చెల్లుతుంది. కానీ మా వైపు ఆడపిల్ల తల్లి ఎవరూ ఆ కార్డు తీసుకోదు, పెళ్ళి చూపులకి ముందు కార్డు సంగతే బయటపడుతుందని. ఆ భయాన్ని నేను కాదనలేను, తమ్ముడి సంబంధాల సమయంలో మా ఇంట్లో మాత్రలు బియ్యం డబ్బాలో ఉండేవి. అందుకే సర్టిఫికెట్ ఉంటేనే కదులుతాం అనే బడి, కదలకుండా ఉండటానికి సాకు వెతుక్కుంటున్నట్టే. నీళ్ళ సీసాకీ, లేటు హాజరుకీ, సగం హోంవర్కుకీ ఏ బోర్డు అనుమతీ అక్కర్లేదు.

విశాఖలో నీట్ కోచింగు కోసం వచ్చి హాస్టల్లో చనిపోయిన పదిహేడేళ్ళ అమ్మాయి కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలిచ్చింది. వందమంది, అంతకుమించి విద్యార్థులున్నచోట శిక్షణ ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో ఒక్కరైనా ఉండాలి. మార్కుల్ని బట్టి బ్యాచీలు విడదీయకూడదు. సిబ్బందికి ఏడాదికి రెండుసార్లయినా ట్రైనింగు ఇవ్వాలి. చదివి సంతోషించాను. మా జిల్లాలో ఊరూరా కౌన్సెలర్ని ఎక్కణ్ణుంచి తెస్తారన్న అనుమానం నాకుంది. వచ్చిన మనిషికి తెలుగూ సవరా రాకపోతే "భొలొ ఒఛి" ఫారాలే మళ్ళీ నిండుతాయి. బ్యాచీల మాట మాత్రం ఏ ఖర్చూ లేకుండా రేపు పొద్దున్నే అమలు చెయ్యొచ్చు. ఎవరూ చెయ్యట్లేదంటే కారణం డబ్బు కాదు.

బళ్ళో రహస్యం దాచడం గురించి కూడా చెప్పాలి. ఆ పిల్ల సంగతి మొదట మేం నలుగురికే తెలియాలనుకున్నాం. పదిహేను రోజుల్లో బయట టీకొట్టుకి చేరింది. చెప్పింది మాలో ఒకరే, చెడ్డబుద్ధితో కాదు, జాలిపడుతూ. "పాపం, ఆ పిల్లకి మెంటల్ అంటండీ." అంతకుముందన్నాను కదా, జాలి మా దగ్గర బకెట్లకొద్దీ ఉందని. దాని తండ్రి మర్నాడొచ్చి బడి మాన్పిస్తానన్నాడు. రెండు సాయంత్రాలు వాళ్ళింటి అరుగు మీద కూర్చుని బతిమాలుకోవాల్సొచ్చింది. మూడోసారి పీటీ సారు వచ్చాడు, ఏమీ మాట్లాడలేదు, టీ తాగాడు. తండ్రి పంపాడు.

అది మెట్రిక్ పాసైంది. గొప్ప మార్కులేం రాలేదు. ప్లస్ టూలో మళ్ళీ ఒకసారి బాగోలేక మూడు నెలలు మానేసింది, మళ్ళీ చేరింది. ఇప్పుడు డిగ్రీ అయ్యి బరంపురంలో చిన్న ఉద్యోగం చేసుకుంటోంది. దసరాకి వచ్చినప్పుడు బజారులో కనిపించింది. గుంజీల సంగతి నేనే ఎత్తాను, క్షమించమ్మా అన్నాను. "ఏ గుంజీలు మేడం?" అంది. నిజంగా మరిచిపోయిందో, నన్ను వదిలేసిందో తెలీలేదు. ఆ ఏడాది చాలా భాగం తనకి గుర్తులేదని చెప్పింది. "బంతుల వాసన గుర్తుంది" అంది.

తమ్ముడికి పాతపట్నంలో స్టేషనరీ కొట్టు. మొన్న మా మేనకోడలి ఓణీల ఫంక్షన్‌లో భోజనాలు ఇంకా సగం కాలేదు, బావమరుదులు పేకలు తీశారు. తొమ్మిదిన్నర అయ్యేసరికి వాడు లేచి చెయ్యి కడుక్కున్నాడు. "ఏటి బావా, అప్పుడేనా? రాత్రంతా ఉంది" అని కేకలేశారు. వాడు నవ్వి, మేడ మీద గదిలో చాప వేసుకోవడానికి మెట్లెక్కాడు. వాడి వెనకే అమ్మ నీళ్ళ చెంబు పట్టుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ, ఒక్కో మెట్టే ఎక్కింది.